ఎంచుకున్న డిస్కు

పాస్‌వర్డు తప్పంది కంప్యూటరు.

అందరూ పిట్ట అని పిలిచే అమ్మాయి మళ్ళీ కొట్టింది. ఈసారి ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టింది. మళ్ళీ తప్పే. పెద్దక్షరాల మీట పొరపాటున నొక్కుకుందేమోనని వంగి చూసింది. లేదు. ఆమె వెనక ఎంబ్రాయిడరీ మిషన్ ఆగి ఉంది. ఫ్రేములో తెల్లకోటు జేబు బిగించి, అడుగున కాగితం వేసి, దారాలన్నీ ఎక్కించి ఉంచింది తనే. ఇక డిజైను పంపడమే తరువాయి. అది పాత మిషన్. కరెంటు ఆపితే చాలు, ముందురోజు కుట్టిందంతా మర్చిపోతుంది. రోజూ పొద్దున్నే కంప్యూటరు నుంచో పెన్‌డ్రైవ్ నుంచో మళ్ళీ పంపాల్సిందే.

"మార్చాను," అన్నాడు అన్నయ్య.

కుట్టు అయిపోయిన కోటు మీద మిగిలిన దారపు కొసలు కత్తిరిస్తున్నాడు. తలెత్తలేదు.

"ఏం మార్చావు?"

"పాస్‌వర్డు. నీకేం కావాలో చెప్పు, తెరిచిస్తాను."

ఆసుపత్రి స్టోరుకీపరు అక్కడే కూర్చుని ఉన్నాడు. నర్సుల కోట్ల జేబుల మీద అరచేయి, ఆ అరచేతిలో ఒక ఆకు కుట్టాలి. ఆ గుర్తు గీసింది పిట్టే. ఆయన వచ్చినప్పుడల్లా ఆకుని వేలితో తడిమి చూసి, "భలే కుదిరిందమ్మా" అంటుంటాడు. ఇప్పుడు మాత్రం గోడకున్న దారం కండెల వైపు చూస్తూ, చెవులు లేనివాడిలా కూర్చున్నాడు.

"ఆసుపత్రిది కావాలి," అంది పిట్ట.

అన్నయ్య కత్తెర పక్కన పెట్టి వచ్చాడు. కుర్చీకీ తెరకీ మధ్య దూరి నిలబడ్డాడు. చేతులు మీటల మీద పెట్టి ఆగాడు.

"అటు తిరుగు."

"ఏంటీ?"

"అటు తిరగవే ఒక్కసారి."

పిట్ట తిరిగింది. ఇస్త్రీ బల్ల దగ్గర వదిన చెయ్యి ఆగిపోయి ఉంది. గుడ్డ కమిలిన వాసన వచ్చాక గబుక్కున పెట్టె పైకెత్తింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. వదిన వెంటనే కోటు తిరగేసుకుని, కమిలిన చోట తడిగుడ్డతో అద్దసాగింది. వెనక మీటలు టకటకమన్నాయి.

"ఊఁ, ఇక కానీ," అన్నాడు అన్నయ్య.

మిషన్ మొదలైంది. ముందు అరచేయి అంచు, తర్వాత లోపలి నింపు, ఆ తర్వాత ఆకు. ఆకు మధ్య ఈనె దగ్గరకి రాగానే ఎప్పటిలాగే దారం తెగింది. పిట్ట లేచి సూదిలోకి ఎక్కించింది. దారం కొస సూది బెజ్జంలోకి ఒక పట్టాన దూరలేదు. నాలుకతో తడిపి మళ్ళీ ప్రయత్నించింది.

స్టోరుకీపరు నమూనా కోటు తీసుకుని వెళ్ళాక గానీ ఇంట్లో వాళ్ళు ముగ్గురూ మాట్లాడుకోలేదు.

"సొంతంగా పని పెట్టుకోడానికి గది మాట్లాడుకున్నావట," అన్నాడు అన్నయ్య.

"నేనే చెబుదామనుకున్నాను."

"చెప్పేలోపే ఊరంతా చెప్పింది. వెళ్ళేదానివి వెళ్ళు. నీ కాళ్ళకి అడ్డం పడను. ఇక్కడివి మాత్రం ఇక్కడే ఉంటాయి."

"గీసింది నేను కదా."

"ఏ కుర్చీలో కూర్చుని గీశావు? ఎన్ని గుడ్డలు పాడుచేసి నేర్చుకున్నావు? అవన్నీ ఎవరివి?" అతని గొంతు పెరగలేదు. కత్తెర మళ్ళీ తీసుకుని, పదును చూస్తున్నట్టు బొటనవేలు మీద రాసుకున్నాడు. "నిన్ను నేను దొంగ అనలేదు. నా కొట్టుకి నేను తాళం వేసుకున్నాను. అంతే."

అనలేదు గానీ, అటు తిరగమన్నాడు. పిట్టకి ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది. అన్నం దగ్గర కూర్చున్నా ఇంకా అటు తిరిగే ఉన్నట్టనిపించింది.

*

వీధి మలుపులో జిరాక్సు కొట్టుంది. ఆ కొట్టామెని అందరూ జిరాక్సు పిన్ని అంటారు. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా పిన్నీ అనే పిలుస్తారు. జిరాక్సులు, ఫొటోలు, దరఖాస్తులు, పాడైన కంప్యూటర్లు, అన్నీ ఆమే. పిట్ట కొత్త గది కోసం ఒక పాత కంప్యూటరుని విప్పి బాగుచేస్తున్నది కూడా ఆమే.

మధ్యాహ్నం పిట్ట వెళ్ళేసరికి పిన్ని ఒక మిషన్ పొట్ట తెరిచి, ఇరుక్కున్న కాగితాన్ని పట్టకారుతో లాగుతోంది.

"కోపంగా ఉన్నావా?" అంది చూడకుండానే.

"నీకెలా తెలుసు?"

"చెప్పుల చప్పుడు వినిపించింది. కోపంగా వచ్చినవాళ్ళకి నేను జిరాక్సు కూడా తియ్యను. కాగితం తిరగేసి పెట్టి, ఏమీ రాలేదని నామీద పడతారు. కూర్చో. చల్లారాక చెప్పు."

పిట్ట కూర్చుంది. చల్లారకుండానే చెప్పింది. పిన్ని కాగితం లాగేసి, ఉండచుట్టి బుట్టలో వేసి, చేతులు తుడుచుకుంది.

"పాస్‌వర్డులు పగలగొట్టడం నా పని కాదు."

"పగలగొట్టమనట్లేదు. లోపలున్నవి కావాలి."

"చెరపడానికా, తెచ్చుకోడానికా?"

"తెచ్చుకోడానికే. కాపీ. అక్కడివి అక్కడే ఉంటాయి, మీద దుమ్ము కూడా పడనివ్వను."

"కొత్తవి గీసుకోవచ్చుగా? నీ కంప్యూటరు రేపో మాపో ఇచ్చేస్తాను. కుట్టు డిజైన్ల ప్రోగ్రాము కూడా ఎక్కించేశాను."

"చిన్నప్పటి నుంచి గీసినవి పిన్నీ! బడి పిల్లల బ్యాడ్జీలు, హోటళ్ళ దుప్పట్ల మీది అక్షరాలు, పువ్వులే వందలున్నాయి. అవి లేకుండా ఏం చూపించి పని అడగను? ఖాళీ చేతులు చూపించనా?"

పిన్ని ఆమె చేతుల వైపే చూసింది కాసేపు. తర్వాత సొరుగు లాగి రెండు పెన్‌డ్రైవులు తీసింది.

"కంప్యూటరు మొదలవగానే తన డిస్కులో ఉన్న సిస్టమ్‌ని లేపుతుంది. పాస్‌వర్డు అడిగేది ఆ సిస్టమ్. మనం ఈ పెన్‌డ్రైవ్‌లో ఇంకో సిస్టమ్ పెడతాం. దీన్ని లేపమంటే దీన్నే లేపుతుంది. లోపలిది పడుకునే ఉంటుంది. దాని డిస్కులోవి మాత్రం మనకి కనిపిస్తాయి. లేపడానికి ఒకటి, తెచ్చుకోడానికి ఒకటి. అర్థమైందా?"

"అయింది. చేసిపెట్టు."

"నేను చెయ్యను, చెబుతాను. చెయ్యి నీదే ఉండాలి. రేపు మీ అన్నయ్య నా గుమ్మంలో నిలబడి అరిస్తే ఏం చెప్పుకోను? ఆయనకీ నేనే జిరాక్సులు తియ్యాలి."

పిన్ని ఒక పెన్‌డ్రైవ్ గుచ్చి, లేచి తన కుర్చీ ఇచ్చింది. తెర మీద నల్ల కిటికీ తెరుచుకుంది. బొమ్మల్లేవు, నొక్కడానికి గుర్తుల్లేవు. ఒక తెల్లగీత మాత్రం ఆరుతూ వెలుగుతూ ఉంది. డిస్కులని సరిచేసే ప్రోగ్రాముని పేరుతో పిలిపించింది పిన్ని. తర్వాత 'లిస్ట్ డిస్క్' అని కొట్టమంది.

మూడు వరసలు వచ్చాయి.

"సున్నా ఈ కంప్యూటరు సొంత డిస్కు. దాని జోలికి పోవద్దు. ఒకటి, అదిగో, ఆ నల్లడబ్బా." పిన్ని బల్ల మీద పొడుగు తీగతో ఉన్న డిస్కు చూపించింది. "వీధంతా అందులోనే ఉంది. సర్టిఫికెట్లు, ఫొటోలు, ఆస్తి కాగితాలు, పోయినవాళ్ళవీ ఉన్నవాళ్ళవీ. అన్నిటికంటే చిన్నది పెన్‌డ్రైవ్. నంబరు రెండు. ముందు దాన్ని ఎంచుకోవాలి. తర్వాత 'క్లీన్' అని కొడతాం. ఆ మాట కొట్టాక ఇది నిజంగానా అని అడగదు. ఏది ఎంచుకుని ఉంటే దాన్ని ఊడ్చేస్తుంది. అందుకే ఆ మాటకి ముందు ఇంకోసారి చూడు."

పిట్ట తలూపింది. అంతలో ఒకామె కెమెరా కార్డు పట్టుకుని పరుగున వచ్చింది. ఇంటర్వ్యూకి ఫొటో కావాలి, బస్సు వెళ్ళిపోతోంది. పిన్ని విసుక్కుంటూనే లేచింది. కార్డు పెట్టడానికి చోటు లేక పెన్‌డ్రైవ్‌నీ నల్లడబ్బా తీగనీ పీకింది. ఫొటో అచ్చు తీసి, కత్తిరించి, కవర్లో వేసి పంపేసింది. పెన్‌డ్రైవ్ మళ్ళీ గుచ్చింది, దాని పక్కనే నల్లడబ్బా తీగ కూడా పెట్టింది. ఆ వెంటనే ఇంకొకాయన వచ్చి, తన జిరాక్సులో సంతకం సరిగ్గా పడలేదని మొదలుపెట్టాడు.

"నువ్వు కానిస్తూ ఉండు," అంది పిన్ని భుజం మీదుగా.

పిట్ట 'సెలెక్ట్ డిస్క్ టూ' అని కొట్టింది. రెండో డిస్కు ఎంచుకోబడింది అని వచ్చింది. వీపు వెనక ఆయన సంతకం గొడవ నడుస్తూనే ఉంది. పిట్టకి తొందరగా ఉంది. సాయంత్రంలోపు ఇల్లు చేరకపోతే ఎక్కడికెళ్ళావని అడుగుతారు. 'క్లీన్' కొట్టింది. వేలు ఎంటర్ మీట మీదికి వెళ్ళింది.

ఇంకోసారి చూడమంది కదా పిన్ని.

వేలు అక్కడే ఆపి, ఇంకో చేత్తో ఆ అక్షరాలన్నీ వెనక్కి చెరిపేసింది. 'లిస్ట్ డిస్క్' కొట్టింది. మళ్ళీ మూడు వరసలు వచ్చాయి. ఎంచుకున్న డిస్కు ముందు చిన్న నక్షత్రం గుర్తుంది. ఆ వరసలో డిస్కు సైజు చెప్పే సంఖ్య మాత్రం పెన్‌డ్రైవ్‌ది కాదు. చాలా పెద్దది.

అది నల్లడబ్బా. పిట్ట రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తెరని చేత్తో పిన్ని వైపు తిప్పింది.

పిన్ని చూసింది. సంతకం ఆయనకి డబ్బులు వెనక్కిచ్చేసి, "మీరు రేపు రండి" అని పంపేసింది. వచ్చి స్టూలు మీద కూలబడింది. తర్వాత నల్లడబ్బా తీగ పీకి, డబ్బాని ఒళ్ళో పెట్టుకుంది.

"నాదే తప్పు. పెన్‌డ్రైవ్ ముందు గుచ్చాను, నంబర్లు తారుమారయ్యాయి. పని మొదలయ్యాక తీగలు ముట్టుకోకూడదు. ఎన్నేళ్ళుగా చేస్తున్నాను..." డబ్బాని అరచేత్తో నిమిరింది. "నువ్వా మీట నొక్కి ఉంటే, పిట్టా, ఈ వీధిలో సగంమంది జనన పత్రాల కోసం మళ్ళీ పుట్టాల్సొచ్చేది."

ఇద్దరూ నవ్వారు. పిట్టకి నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్నయ్య తనని దొంగ అనకుండానే దొంగని చేశాడని పొద్దుటి నుంచి ఉడికిపోతోంది. ఇప్పుడు ఆ ఉడుకులో ఎవరెవరివో బతుకులు ఊడ్చిపారెయ్యబోయింది.

ఇప్పుడు వరసలు రెండే మిగిలాయి. ఎంచుకుంది. నక్షత్రం చూసింది. పిన్నికి చూపించింది. అప్పుడు ఆ మాట కొట్టి మీట నొక్కింది. ఖాళీ అయిందని వచ్చింది. ఆ తర్వాత పిన్ని చెబుతుంటే ఒక్కొక్క మాటే కొట్టింది. కొత్తగా భాగం చెయ్యమంది, దాన్ని కంప్యూటరుని లేపే భాగంగా గుర్తుపెట్టమంది, శుభ్రంగా రాసుకునేందుకు సిద్ధం చెయ్యమంది, ఒక అక్షరం పేరు పెట్టమంది. ప్రతిదానికీ ఆ నల్ల కిటికీ ఒక్క ముక్కలో జవాబిచ్చింది. చివరికి కొత్త సిస్టమ్ ఫైళ్ళన్నీ దానిలోకి వెళ్ళడం మొదలుపెట్టాయి. పేర్లు వాన చినుకుల్లా తెర మీద పడుతుంటే పిట్ట కళ్ళార్పకుండా చూసింది.

*

మర్నాడు అన్నయ్య మిషన్ ఆపేసి, మిగతా కోట్లు తేవడానికి ఆసుపత్రికి వెళ్ళాడు. బండి శబ్దం వీధి చివర తగ్గేదాకా పిట్ట దారం కండెలు సర్దుతూ ఉంది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుంది.

పెన్‌డ్రైవ్ గుచ్చి, మీట నొక్కి, పిన్ని చెప్పినట్టు మొదటి బొమ్మ రాగానే పై వరస మీటని టపటపా కొట్టింది. దేన్ని లేపాలని అడిగింది. పెన్‌డ్రైవ్‌ని చూపించింది. నల్లతెర మీద తెల్లటి వరసలు పరిగెత్తాయి. ఆగాయి. తర్వాత ఎప్పుడూ చూడని నీలంరంగు తెర నెమ్మదిగా విచ్చుకుంది. పాస్‌వర్డు అడగలేదు.

ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి వదిన చూస్తోంది. పిట్టకి తెలుసు. వదిన ఏమీ అడగలేదు గనక తనూ ఏమీ చెప్పలేదు.

డిస్కు తెరిచింది. తన ఫోల్డరు అక్కడే ఉంది. రెండో పెన్‌డ్రైవ్ పెట్టి, ఫోల్డరుని దానిలోకి లాగింది. ఎంతవరకు కాపీ అయిందో చూపే పచ్చగీత కదలడం మొదలుపెట్టింది. పువ్వులు, అక్షరాలు, బడి బ్యాడ్జీలు. గీత చివరిదాకా వస్తూ, ఒక్కచోట బిగుసుకుపోయింది. కంప్యూటరు పెట్టెలోంచి టక్, టక్ అని శబ్దం వచ్చింది. ఎవరో లోపలి నుంచి గోరుతో కొడుతున్నట్టుంది. చాలాసేపటికి తెర మీద ఒక చిన్న గడి తెరుచుకుంది. ఆసుపత్రి గుర్తు చదవడం కుదరలేదని రాసి ఉంది.

మళ్ళీ ప్రయత్నించింది. టక్, టక్. కుదరలేదు.

దాన్ని వదిలేసి మిగతావి వెళ్ళనిచ్చి, పిన్నికి ఫోన్ చేసింది.

"టక్కుమంటోందా?" అంది పిన్ని. ఆమె గొంతులో నవ్వు లేదు. "అది పోతోందమ్మా. ఎప్పటి నుంచో పోతూ ఉండుంటుంది, ఎవరూ గమనించి ఉండరు. ఆపకు. ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. నీకు కావాల్సినవి వచ్చాయా?"

"ఒక్కటి తప్ప వచ్చాయి."

"అయితే నీ పని అయిపోయినట్టే," అంది పిన్ని. "ఇక నీ ఇష్టం."

పిట్ట ఫోన్ పెట్టేసింది. పెన్‌డ్రైవ్ తీసెయ్యడానికి చెయ్యి చాపింది. ఇప్పుడు తీసుకుని వెళ్ళిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. రేపో ఎల్లుండో ఈ పెట్టె దానంతటదే చచ్చిపోతుంది. పాస్‌వర్డు పెట్టి దాచుకున్నవన్నీ దాంతోపాటే పోతాయి. అప్పుడు అన్నయ్య ఎవర్ని అటు తిరగమంటాడో చూడొచ్చు. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, పిట్టకి తన మీద తనకే భయమేసింది.

తెర మీద తన ఫోల్డరు పక్కనే అన్నయ్యది ఉంది. ఎవరికి ఏ కొలతలో, ఏ రంగు దారమో, ఏ గుడ్డకి ఎంత బిగువుండాలో, అన్నీ తప్పుల తడకగా, తనకి మాత్రమే అర్థమయ్యేలా రాసుకుంటాడు. ఆ రాతలు చూసి తను ఎన్నిసార్లు నవ్విందో.

ఆ ఫోల్డరుని కూడా లాగింది. పచ్చగీత మళ్ళీ మొదటి నుంచి మొదలైంది.

"ఏమైంది?" వదిన వెనక నిలబడి ఉంది.

"దీని డిస్కు పోతోంది వదినా. అన్నయ్యవి తీస్తున్నాను."

"ఆయనకి ఫోన్ చేసి చెప్పనా?"

"చెబితే నేనెలా తెరిచానో కూడా చెప్పాలి."

వదిన తెర వంక, పిట్ట మొహం వంక చూసింది. స్టూలు తీసుకెళ్ళి గుమ్మానికి అడ్డంగా వేసుకుని కూర్చుంది. ఒళ్ళో ఒక కోటు పెట్టుకుని బొత్తాలు ఊడదీసి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. ఆ బొత్తాలకి ఏమీ కాలేదు.

గీత కదిలింది, ఆగింది, టక్కుమంది, కదిలింది. సగం దాటింది. మిగిలింది కొంచెమే అనుకుంటుండగా బండి శబ్దం వినిపించింది.

"ఆగండి, కోట్లు ఇక్కడే లెక్కపెడదాం," అంది వదిన గుమ్మంలోనే.

"గుమ్మంలో లెక్కేంటి? తప్పుకో."

"ఇదిగో, ఈ బొత్తాం చూడండి..."

అన్నయ్య మూటని భుజం మీంచి దించకుండానే ఆమె తల మీదుగా లోపలికి చూశాడు. నీలంరంగు తెర చూశాడు. తెర మీద తన ఫోల్డరు పేరు చూశాడు.

"ఏం చేస్తున్నావే?"

"అన్నయ్యా, ఆపకు! డిస్కు పోతోంది. నీవే తీస్తున్నాను, ఇంకాసేపట్లో..."

"పాస్‌వర్డు లేకుండా ఎలా వెళ్ళావు? నా కొట్లో, నా వెనకాల!" మూట కింద పడింది. తెల్లకోట్లు నేల మీద చెల్లాచెదురయ్యాయి. వాటిని తొక్కుకుంటూ వచ్చాడు. పిట్ట రెండు చేతులూ అడ్డం పెట్టింది. అతను ఆమెని ముట్టుకోలేదు. వంగి, గోడకున్న తీగ పట్టుకుని లాగేశాడు.

టక్కుమనడం ఆగిపోయింది. గదిలో ఫ్యాను శబ్దం ఒక్కటే మిగిలింది.

కాసేపటికి తనే తీగ మళ్ళీ గుచ్చాడు. పిట్ట పెన్‌డ్రైవులు రెండూ పీకి పిడికిట్లో పెట్టుకుని పక్కకి జరిగింది. అతను మీట నొక్కాడు. లేపడానికి ఏమీ దొరకలేదని తెల్ల అక్షరాల్లో వచ్చింది. మళ్ళీ ఆపి, మళ్ళీ నొక్కాడు. పెట్టెని చేత్తో తట్టాడు. అవే అక్షరాలు.

"చంపేశావు," అన్నాడు. "పోతూపోతూ మొత్తం నాశనం చేసి పోతున్నావు. రేపు సాయంత్రం స్టోరుకీపరు కోట్ల కోసం వస్తాడు. ఏం ఇవ్వను?"

"తీగ పీకింది మీరు," అంది వదిన.

గుమ్మంలోంచి లేవకుండానే అంది. సూది ఇంకా బొత్తాంలోనే ఉంది. అన్నయ్య ఆమె వైపు తిరిగాడు.

"వద్దని అది అరుస్తూనే ఉంది. నేను విన్నాను. మీరూ విన్నారు."

అన్నయ్య కిందికి చూసి, తన చెప్పు కింద ఉన్న కోటు మీద నుంచి కాలు తీశాడు.

పిట్ట అతన్ని దాటుకుని బయటికి వచ్చేసింది.

*

ఆ సాయంత్రమంతా పిన్ని కొట్లో కూర్చుని, వచ్చినవేమిటో రానివేమిటో చూసుకుంది. తనవి ఆసుపత్రి గుర్తు తప్ప అన్నీ ఉన్నాయి. అన్నయ్యవి చాలావరకు ఉన్నాయి. చివర్లో కొన్ని సగంలో తెగాయి. బాగుచేసిన కంప్యూటరుని పిన్నే మోసుకొచ్చి కొత్త గదిలో పెట్టింది, తెర వెలిగేదాకా ఉండి వెళ్ళింది. ఆ గదిలో ఇంకా కుర్చీ ఒకటే ఉంది.

పొద్దున్న పిట్ట కొట్టుకి వెళ్ళేసరికి అన్నయ్య మిషన్ ముందు నిలబడి ఉన్నాడు. ఆన్ చేశాడు గానీ కుట్టడానికి ఏమీ లేదు. కళ్ళు వాచి ఉన్నాయి. కోట్లన్నీ ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి దొంతర పెట్టి ఉంచింది వదిన.

పిట్ట బల్ల మీద పెన్‌డ్రైవ్ పెట్టింది.

"నీవి చాలావరకు ఉన్నాయి. నేను గీసినవి కూడా ఉన్నాయి. రెండిటికీ కాపీ నా దగ్గర ఒకటి ఉంచుకున్నాను. అడగకుండా తెరిచాను, అది తప్పే. నేను గీసినవి నావి కావు అంటే మాత్రం ఒప్పుకోను."

అన్నయ్య పెన్‌డ్రైవ్‌ని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఆసుపత్రిది?" అన్నాడు చివరికి.

"అది రాలేదు."

అతను తలూపాడు. మిషన్ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ 'గియ్యి' అనేవాడు. 'అది గీశావా', 'ఇంకా గియ్యలేదా' అనేవాడు. ఇప్పుడు ఆ మాటలు అందుబాటులో లేనట్టు కాసేపు తడుముకున్నాడు.

"మళ్ళీ... గీసిపెడతావా?"

"నా కంప్యూటరు గదిలో ఉంది. గుర్తు కుట్టిన పాత కోటు ఒకటి పట్టుకుని రా."

అతను వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి రావాలా వద్దా అన్నట్టు ఆగాడు. పిట్ట కుర్చీలో కూర్చుని ఉంది. వేరే కుర్చీ లేదు. గోడ పక్కనున్న అట్టపెట్టె మీద కూర్చోబోతే అది కుంగింది. మళ్ళీ లేచి, కిటికీ దగ్గర నిలబడి, కోటు జేబుని రెండు చేతులతో బిగువుగా లాగి వెలుగులోకి పట్టుకున్నాడు.

"ఇలా పట్టుకోనా? కుట్లు కనిపిస్తున్నాయా?"

"కొంచెం పైకి."

పిట్ట చూసి గీయడం మొదలుపెట్టింది. బొటనవేలి వంపు, మణికట్టు దగ్గర సన్నం కావడం, వేళ్ళ మధ్య సందులు. కాసేపటికి తను కోటు వైపు చూడడం మానేసిందని ఆమె గమనించలేదు. చెయ్యి తనంతట తనే పోతోంది. అరచేయి పూర్తై ఆకు దగ్గరికి వచ్చాక తలెత్తి చూస్తే, అన్నయ్య ఇంకా అలాగే చేతులు చాపి నిలబడి ఉన్నాడు. భుజాలు వణుకుతున్నాయి.

"దించెయ్ అన్నయ్యా. ఇక అక్కర్లేదు."

"చూడక్కర్లేదా?"

"లేదు."

ఆ మాట అన్నాక గానీ ఆమెకే తెలియలేదు. ఏ పెట్టెలో ఉన్నాయనుకుని, ఎవరో తాళం వేశారనుకుని ఇంత చేసిందో అవి అసలు ఎక్కడున్నాయో. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవి మంచివే, ఉండాల్సినవే. కానీ అవి లేకపోయినా తను ఖాళీ చేతులతో ఉండేది కాదు. నవ్వొచ్చింది. ఆపుకుంది.

ఆకు మధ్య ఈనెని పాతదానిలా ఒకే దారిన పోనివ్వలేదు. మొదట్లో తెలియక అక్కడ కుట్ల మీద కుట్లు వేసింది. ఆ బరువుకే ఇన్నాళ్ళూ దారం తెగేది. ఇప్పుడు దాన్ని పలచన చేసి, పక్క నుంచి చుట్టి తెచ్చింది.

"ఇది మార్చావు," అన్నాడు అన్నయ్య వెనక నుంచి.

"ఊఁ."

"బొమ్మ మారితే ఆయన ఒప్పుకోడేమో."

"బొమ్మ మారలేదు. దారి మారింది. ఇక తెగదు."

ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే, అన్నయ్య జేబులో వేసుకోకుండా అరచేతిలోనే పట్టుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం పెన్‌డ్రైవ్‌ని నేరుగా మిషన్‌కే గుచ్చారు, అప్పటి నుంచి అది ఆగకుండా కుట్టింది. పిట్ట కొట్లోనే ఉండి ఫ్రేములు బిగించింది. వదిన కొసలు కత్తిరించింది. ఈనె దగ్గరికి సూది వచ్చిన ప్రతిసారీ ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. మొదటి జేబు, రెండో జేబు, ఆ తర్వాత ఊపిరి బిగబట్టడం మర్చిపోయారు. సాయంత్రం స్టోరుకీపరు వచ్చి దొంతర మీది కోటు తీసి, వేలితో ఆకుని తడిమాడు.

"మెత్తగా ఉందే ఈసారి! ఏం చేశారు?"

అన్నయ్య కోట్లు మూటకడుతూ, "అమ్మాయినే అడగండి. తన పని అది," అన్నాడు. ముడి గట్టిగా బిగించి, "తనకిప్పుడు పక్కవీధిలో సొంత గది ఉంది," అని కలిపాడు.

స్టోరుకీపరు వెళ్ళాక పిట్ట సంచి భుజాన వేసుకుంది. వదిన వాకిలి దాకా వచ్చి, ఆమె భుజం మీద దారపు ముక్క తీసేసి లోపలికి వెళ్ళింది. అన్నయ్య మిషన్ మీద గుడ్డ కప్పుతున్నాడు. కప్పినదాన్నే మళ్ళీ సర్దుతున్నాడు.

"రేపు బడి బ్యాడ్జీల పని మొదలుపెట్టాలి," అన్నాడు గుడ్డతోనే మాట్లాడుతున్నట్టు. "వస్తావా?"

"రాను అన్నయ్యా."

అతని చెయ్యి ఆగింది.

"గీసేది ఉంటే గీసిస్తాను," అంది పిట్ట. "అక్కడైతేనే."

"ఎవరి చేత పంపను?"

"ఎవరి చేతా వద్దు. నువ్వే రా."

అన్నయ్య గుడ్డ అంచు వదిలేశాడు. చాలాసేపు మిషన్ వైపే చూసి, తర్వాత ఆమె వైపు చూశాడు. కొత్త కొట్టు ముందు నిలబడ్డ ఎవరైనా అడిగినట్టే అడిగాడు.

"పొద్దున్న ఎప్పుడు తీస్తావు?"